ఆరో గది పురుగు, తొమ్మిదో గది పురుగు

ఒకే పురుగుకి రెండు పేర్లు పెట్టడం తప్పని ఎవరైనా అంటే నేను ఛస్తే ఒప్పుకోను. అది తప్పు కాదు, వరం! జీవులకు పేర్లు పెట్టే మహానుభావులు అప్పుడప్పుడూ ఇలా పప్పులో కాలు వేయబట్టే మన లోకం ఈమాత్రం సజావుగా నడుస్తోంది. నవ్వులాటకి అనడం లేదు. సాక్ష్యాలతో సహా నిరూపిస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు మీరే చెప్పండి. ఒక పురుగుకి ఒకటే పేరుంటే ఏం మిగులుతుంది? ఒక పుస్తకం, ఒక ప్రొఫెసరు, ఒక గది. అదే పురుగుకి రెండు పేర్లుంటే? రెండు పుస్తకాలు, ఇద్దరు ప్రొఫెసర్లు, రెండు గదులు, ఆ రెండు గదుల్లో రెండు ఫ్యాన్లు, ఆ ఫ్యాన్ల కింద కునుకు తీసే ఇద్దరు అటెండర్లు, ఏడాదికి రెండు సెమినార్లు, సెమినార్‌కి నూట యాభై ఫైళ్ళూ నూట యాభై సంచులూ! ఇన్ని కుటుంబాలు ఒక్క పురుగు వీపు మీద కాలక్షేపం చేస్తుంటే, తప్పు దిద్దుతానని ఎవరో బయల్దేరితే వీళ్ళంతా ఏమైపోవాలి?

పోనీ, పురుగుకి పోయేదేమైనా ఉందా? తన పేరేమిటో దానికి తెలియదు. తెలిసినా పిలిస్తే పలకదు. మా అన్నయ్య కూడా పిలిస్తే పలకడు, అలాగని ఆయనకేం లోటు వచ్చింది?

ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటారా? మా వదిన పురుగుల మ్యూజియంలో లేబుళ్ళు రాస్తుంది. అక్కడ అందరూ ఆవిడని లేబులమ్మ అంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆఫీసు నుంచి మోసుకొచ్చే కబుర్లు విని విని, పురుగుల శాస్త్రంలో నేను సగం డాక్టరేట్ కింద లెక్క. మిగతా సగం చదివితే వచ్చేది, నాకు తీరిక లేదు.

పేరు పెట్టడమంటే అల్లాటప్పా వ్యవహారం అనుకునేరు! దానికి దిండంత రూలు పుస్తకం ఉంది. కొత్త జీవి దొరికితే ఒక్కదాన్ని చంపి, సూది గుచ్చి, పెట్టెలో నిలబెట్టి, కింద ఎర్ర కాగితం పెడతారు. ఇక ఆ జాతి మొత్తానికి అదే పెద్ద. బయట తోటలో లక్ష పురుగులు బతికి తిరుగుతూ ‘అయ్యా, మేం ఇలా ఉంటాం’ అని మొత్తుకున్నా చెల్లదు. పెట్టెలో చచ్చింది ఎలా ఉందో అదే ఖాయం. చూశారా, ఎంత క్రమశిక్షణో!

ఇంకో రూలు ఇంకా ముచ్చటైనది. ఎవరు ముందు అచ్చు వేయిస్తే వాళ్ళు పెట్టిన పేరే నిలుస్తుంది. ఒక్కరోజు ఆలస్యమైనా సరే, రెండోవాడి పేరు పేజీ అడుగున చిన్నక్షరాల్లో కలిసిపోతుంది. ఇకపోతే తన పేరు తానే పెట్టుకోవడం మర్యాద కాదు. అందుకని శిష్యుడు గురువుగారి పేరు పెడతాడు, గురువుగారు శిష్యుడి పేరు పెడతారు. మర్యాదకి మర్యాదా దక్కింది, పేరుకి పేరూ దక్కింది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

మా వదిన మ్యూజియంలో ఇద్దరు పెద్దవాళ్ళున్నారు. ఆరో గదిలో మీసాలాయన, తొమ్మిదో గదిలో కాళ్ళాయన. మీసాలాయనకి మీసాల్లేవు, రోజూ నున్నగా గీసుకుని వస్తారు. పురుగు ఏ జాతిదో దాని మీసాల్ని బట్టి తేల్చాలన్నది ఆయన సిద్ధాంతం. కాదు, కాళ్ళని బట్టి తేల్చాలన్నది కాళ్ళాయన సిద్ధాంతం. ఈ విషయమ్మీద ఇద్దరికీ ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు. వరండాలో మంచినీళ్ళ ఫిల్టరు ఉంది. ఒకరు గ్లాసు పట్టుకుని నిలబడితే రెండోవారు దాహం ఆపుకుని వెనక్కి తిరిగిపోతారు.

ఇరవై రెండేళ్ళ కిందట మీసాలాయనకి కొండ పక్క తోటల్లో ఒక పురుగు దొరికింది. ఆకుపచ్చగా, తళతళా మెరుస్తూ, దువ్వెన పళ్ళలాంటి మీసాలతో ఉంది. ‘ఆహా, కొత్త జాతి!’ అని దానికి తన గురువుగారి పేరు పెట్టారు. అది అచ్చయిన తొమ్మిదో రోజున కాళ్ళాయన ఇంకో పురుగుని అచ్చువేయించారు. అది మట్టిరంగుది, కాస్త బొద్దుగా, ముందుకాళ్ళు పారల్లా వెడల్పుగా ఉన్నది. దానికి ఆయన తన మామగారి పేరు పెట్టారు. మామగారు అప్పట్లో మ్యూజియం డైరెక్టరు లెండి.

ఇద్దరూ పని ఎరిగినవాళ్ళే. పొట్ట కోసి, భూతద్దం పెట్టి, ఆడదా మగదా అన్నది కూడా చూశారు. మీసాలాయన పెట్టెలో అన్నీ మగవే. ‘ఈ జాతిలో ఆడది ఇంకా దొరకలేదు’ అని నిజాయితీగా పుస్తకంలో రాశారు. ఆడదాన్ని వెతకడానికని ఇప్పటికి పదకొండుసార్లు జీపు వేసుకుని అడవికి వెళ్ళొచ్చారు. కాళ్ళాయన పెట్టెలో అన్నీ ఆడవే. ‘ఈ జాతికి మగది ఉండి ఉండదు, ఆడవే సొంతంగా సంతానాన్ని కంటాయి’ అని ఆయన పెద్ద సిద్ధాంతం చేశారు. దానికో బంగారు పతకం కూడా వచ్చింది.

ఒక గదిలో అన్నీ మగవే! మూడు గదుల అవతల అన్నీ ఆడవే! మధ్యలో ఒక మంచినీళ్ళ ఫిల్టరు!

మీకు తట్టింది కదూ? మీరు చదువుకోలేదు కాబట్టి తట్టింది. చదువుకున్నవాళ్ళకి అంత తేలిగ్గా తట్టదు. తట్టాలంటే ముందు పక్కవాడి గదిలోకి వెళ్ళాలి.

రెండు గదుల్లోకీ వెళ్ళే ప్రాణి ఆ మేడ మీద ఒక్కటే ఉంది, మా వదిన. ఏడో గదిలో కిటికీ పక్కన ఆవిడ బల్ల. గోరంత కాగితం ముక్క మీద సన్న పాళీతో ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు పట్టుకున్నారు అని మూడు వరసలు రాసి, పురుగు కింద సూదికి గుచ్చాలి. ఇప్పటికి నలభై వేల లేబుళ్ళు రాసింది. ఒక్క కొట్టివేత లేదు. లేబులు రాసేవాళ్ళు రాసింది చదవకూడదని రూలు పుస్తకంలో ఎక్కడా లేదు కనుక ఆవిడ చదివేది కూడా. ఆరో గది పురుగుదీ తొమ్మిదో గది పురుగుదీ అదే కొండ, అదే తోట, అదే నెల. ఆవిడకి ఎప్పుడో అనుమానం వచ్చింది. పైకి అనలేదు.

ఎందుకు అంటుంది? ఆవిడకీ ఒక వర్గీకరణ సమస్య ఉంది మరి. పంతొమ్మిదేళ్ళలో ఆఫీసువాళ్ళు ఆవిడ పోస్టుకి పదకొండుసార్లు పేరు మార్చారు. తాత్కాలిక సహాయకురాలు, అవసరార్థ సహాయకురాలు, అదనపు చేతిపని సిబ్బంది, ఇలా. ఏ పేరు పెట్టినా స్టాఫ్ లిస్టులో మాత్రం ఆ పేరు లేదు. చిట్టచివరికి ఈ ఏడు పర్మనెంట్ ఆర్డరు తయారైంది. ఫైలు మీసాలాయన బల్ల మీదికి వచ్చింది. ఒక్క సంతకం బాకీ. ఆ సంతకం కోసం మా వదిన రోజూ ఆరో గది ముందు నడుస్తూ లోపలికి ఒక చూపు వేసి వచ్చేది.

ఇంతవరకూ అంతా సుఖంగానే ఉంది. రెండు పేర్లు, రెండు గదులు, అందరూ చల్లగా ఉన్నారు. చిక్కంతా జాబితాల దగ్గర మొదలైంది.

ప్రభుత్వానికి రెండు జాబితాలుంటాయి, తెలుసా? ఒకటి రక్షించాల్సిన జీవులది, రెండోది చంపాల్సిన జీవులది. పచ్చ పురుగు అందంగా ఉంది, ఆకు అంచు అలా కొరికీ కొరకనట్టు కొరుకుతుంది. అది మొదటి జాబితాలో చేరింది. మట్టి పురుగు గుడ్లు పెట్టాలాయె, కడుపునిండా తింటుంది, మట్టి తవ్వుతుంది, ఒళ్ళంతా దుమ్ము చేసుకుంటుంది. అది రెండో జాబితాలో చేరింది. ఇద్దరు ప్రొఫెసర్లూ గర్వపడ్డారు. ఏ జాబితా అయితేనేం, పేరు ఎక్కిందా లేదా!

ఐదేళ్ళపాటు తోటలవాళ్ళు చెప్పినట్టే చేశారు. మట్టివాటిని ఏరి ఏరి చంపారు, పచ్చవాటిని కళ్ళకద్దుకుని వదిలిపెట్టారు. ఏం జరిగిందో తెలుసా? ఏడాదికేడాదికీ పచ్చవి కూడా తగ్గిపోయాయి! ఎందుకబ్బా అని రెండు రోజులు సెమినార్ పెట్టారు. ఎండలన్నారు, వీధిదీపాలన్నారు, సెల్‌ఫోన్ టవర్లన్నారు. ఆఖరికి ఒకాయన తోటలో తీసిన ఫొటో తెర మీద వేశారు. ఒకే ఆకు మీద పచ్చ పురుగూ మట్టి పురుగూ, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

“చూశారా! ఎలా కలబడుతున్నాయో!” అన్నారు మీసాలాయన ఆవేశంగా. “నా పురుగుని తరిమేస్తున్నది ఈ మట్టి రాక్షసే!”

ఆ ఫొటోకి ‘మనుగడ కోసం పోరాటం’ అని పేరు పెట్టి మొదటి బహుమతి ఇచ్చారు. మట్టి పురుగుని మొదలంటా నిర్మూలించడానికి ఒక వారం ప్రకటించారు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం నుంచి కొండ పక్క తోటలన్నింటా మందు కొడతారు. పురుగులు మిగిలింది ఆ తోటల్లోనే. మందుకి పచ్చది తగలకుండా ఎలా అని ఒక కుర్ర సైంటిస్టు అడిగాడట. పచ్చదానికి రక్షణ ఉంది కదా అని సమాధానం చెప్పారట.

ఫొటో కింద అట్ట మీద పేరు రాసింది మా వదినే. రాస్తూ రాస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందట. తర్వాత నవ్వు ఆగిపోయిందట.

నవ్వు ఆగడానికి కారణం వంటింటి కిటికీలో ఉంది. నాలుగు నెలల కిందటే ఆవిడ సెలవు పెట్టి కొండ పక్క తోటకి వెళ్ళి ఒక పచ్చదాన్నీ ఒక మట్టిదాన్నీ తెచ్చి, సగం మట్టి పోసిన జామ్ సీసాలో వదిలింది. మూతకి మేకుతో బెజ్జాలు కొట్టి పెట్టింది మా అన్నయ్య. సీసాలో మట్టిది గుడ్లు పెట్టింది. తెల్లటి పిల్లలు మట్టిలో పొర్లాయి. ఆ సెమినార్ అయిన వారం అవి రెక్కలొచ్చి బయటికి వచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర సీసా తెచ్చి కంచాల మధ్య పెట్టింది.

“లెక్కపెట్టండి,” అంది.

అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. సన్న స్క్రూలు చూసే కళ్ళు కదా, గబగబా లెక్కపెట్టేశాడు. “పదకొండు పచ్చవి. పన్నెండు మట్టివి. ఒక్క తల్లి పిల్లలేనా ఇవన్నీ?”

“ఒక్క తల్లి, ఒక్క తండ్రి. పచ్చది మొగుడు, మట్టిది పెళ్ళాం. ఇద్దరు ప్రొఫెసర్లకీ ఇరవై రెండేళ్ళు పట్టినా తెలియలేదు. రేపు కాదు, ఆ పై సోమవారం మందు కొడితే ఇక తెలుసుకోవడానికి కూడా ఏం మిగలదండీ.”

“ఇదిగో, నీకెందుకు చెప్పు ఈ గొడవ?” అన్నాడు అన్నయ్య. “ఫైలు ఆయన బల్ల మీదే ఉందిగా. సంతకం పడేదాకా నోరు మెదపకు.”

నేను కూడా గొంతు సవరించుకున్నాను. “వదినా, నేను అభివృద్ధి కోణంలో చెప్తున్నా విను. రెండు పేర్లు కలిపేస్తే ఒక గది మూతపడుతుంది. ఒక అటెండరు రోడ్డున పడతాడు. ఒక పురుగు కోసం...”

“పురుగు కోసమే,” అంది వదిన. “పంతొమ్మిదేళ్ళుగా చచ్చినవాటికి రాస్తున్నాను. మొదటిసారి బతికున్నవాటిని పెంచాను. వీటి అమ్మమ్మలూ పిన్నులూ అన్నీ ఆ తోటలోనే ఉన్నాయి. నాకు తెలిసి కూడా ఊరుకుంటే, మందు నేను కొట్టినట్టే.” తర్వాత మా ఇద్దరి ఖాళీ కంచాల వంకా చూసి, ఇంకో గరిటె వడ్డించింది. “మీరిద్దరూ రక్షించాల్సిన జాబితాలో ఉన్నారు. నిశ్చింతగా తినండి.”

మేం నిశ్చింతగానే తిన్నాం.

మర్నాడు పొద్దున్నే ఆవిడ సీసా కొంగు చాటున పెట్టుకుని ఆరో గదికి వెళ్ళింది. మీసాలాయన సీసాని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. ఆయన మొహం మొదట వికసించింది, తర్వాత నల్లబడింది. పదకొండుసార్లు జీపు వేసుకుని వెతికిన ఇల్లాలు మూడు గదుల అవతలే దొరికిందంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

“దీనికి లేబులు ఏదమ్మా?” అన్నారు ఆఖరికి.

“ఉంది సార్. ఇదిగో.”

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. ఊరు ఉంది. తేదీ ఉంది. మూడో వరస ఖాళీ. “పట్టుకున్నదెవరో రాయలేదేం?”

“నేనే సార్ పట్టుకున్నది. స్టాఫ్ లిస్టులో ఉన్నవాళ్ళ పేరే ఆ వరసలో రాయాలని రూలు కదా. అందుకని మిమ్మల్ని అడిగి రాద్దామని ఉంచాను.”

“మరి నువ్వు లిస్టులో లేవు కదమ్మా!” ఆయన గొంతులో పెద్ద ఉపశమనం. “మూడో వరస లేని నమూనా సైన్సులో లేనట్టే. పురుగులున్నాయి, కాదనను. కానీ ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ పట్టుకోని పురుగుల గురించి నేనేం మాట్లాడను?”

“ఆ ఫైలు మీద సంతకం పెడితే లిస్టులోకి వస్తాను సార్.”

“అదేనమ్మా నేననేది,” అన్నారు మీసాలాయన. కలానికి మూత పెట్టేశారు.

మీకు అర్థమైందనుకుంటాను. ఆయన సంతకం పెడితే ఆవిడ మనిషవుతుంది. ఆవిడ మనిషైతే సీసా సాక్ష్యమవుతుంది. సీసా సాక్ష్యమైతే ఆయన పదకొండు ప్రయాణాలూ గంగలో కలుస్తాయి. ఇంత అందమైన తర్కం మీకు ఇంకెక్కడ దొరుకుతుంది?

తొమ్మిదో గదిలో ఇంకా తొందరగా తేలిపోయింది. “మగదా?” అన్నారు కాళ్ళాయన, ఎవరో తన ఇంటి ఆడపడుచు మీద నింద వేసినట్టు. “నా పురుగుకి మగదా! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?” గోడ మీది బంగారు పతకం వైపు చెయ్యి చూపించారు. ఆయన భయం వేరే. రెండూ ఒకటేనని తేలితే తొమ్మిది రోజుల తేడాతో మామగారి పేరు చిన్నక్షరాల్లో కలిసిపోతుంది. ఇంట్లో మళ్ళీ మొహం ఎలా చూపించాలి?

మధ్యాహ్నం మా వదిన ఒక అద్భుతం చూసింది. మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర ఇద్దరు ప్రొఫెసర్లూ పక్కపక్కన నిలబడ్డారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి మీసాలాయన గ్లాసు నింపి కాళ్ళాయన చేతికిచ్చారు. వదినని చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు. శత్రువులని కలిపే శక్తి మా వదినకి ఉందని ఆవేళే బయటపడింది.

ఆవిడ ఏడో గదికి వచ్చి కూర్చుంది. బల్ల మీద మందు కొట్టే వారానికి తయారైన పోస్టరు ఉంది. బుధవారానికి దాని మీద బొమ్మల పేర్లు రాసి ప్రెస్సుకి పంపాలి. ఎడమవైపు పచ్చ పురుగు, కింద ‘రక్షించండి’. కుడివైపు మట్టి పురుగు, కింద ‘చంపండి’. వదిన చాలాసేపు ఏడవబోయి ఏడవలేదట. ఆ మాట నాకు తర్వాత చెప్పింది. ముక్కు తుడుచుకుని, బీరువాలోంచి ఇద్దరి పుస్తకాలూ తీసి, పేజీలు తిప్పి, సన్న పాళీ పక్కన పెట్టి, లావు పాళీ తీసుకుంది.

పోస్టరు గురువారం అచ్చయింది. శుక్రవారానికి గోడలన్నిటి మీదా ఉంది.

ఎడమవైపు: ‘మగ. రక్షించండి.’ కుడివైపు: ‘ఆడ. చంపండి.’

అంతే! ఒక్కొక్క బొమ్మకి పేరు ఉండాల్సిన చోట ఒక్కొక్క మాట.

మొదట చదివింది బస్టాపు దగ్గర పూలమొక్కలు అమ్మే ఆవిడ. “ఇదెక్కడి చోద్యం! ఆడదాన్ని చంపి మగాణ్ణి కాపాడితే పిల్లల్ని ఎవడు కంటాడు?” అని నడిరోడ్డు మీద అడిగింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళు మళ్ళీ చదివారు. రెండోసారి నవ్వలేదు. సోమవారం తోటల దగ్గర మందు కొట్టే బృందం డ్రమ్ములు దింపుకుంటుంటే తోటల్లో పనిచేసే ఆడవాళ్ళు పోస్టరు చింపి పట్టుకుని గేటు ముందు కూర్చున్నారు. బృందం మేస్త్రి చదివి, బుర్ర గోక్కుని, “అమ్మా, నాకూ ఇద్దరు కూతుళ్ళు. పైవాళ్ళని కనుక్కునేదాకా ఈ డ్రమ్ము మూత తీయను,” అని బీడీ వెలిగించాడు. మధ్యాహ్నానికి ‘పునఃపరిశీలన నిమిత్తం’ అంటూ వారం మొత్తం వాయిదా పడింది.

ఇక మ్యూజియంలో భూకంపం! వదినని పిలిపించారు. ఇద్దరు ప్రొఫెసర్లూ ఒకే సోఫాలో కూర్చున్నారు.

“ఈ రెండు మాటలు ఎవర్ని అడిగి రాశావు?”

“మిమ్మల్నే సార్,” అంది వదిన, రెండు పుస్తకాలూ తెరిచి పెట్టి. “ఇది మీ పుస్తకం పద్నాలుగో పేజీ. దొరికినవన్నీ మగవే అని మీరే రాశారు. ఇది వీరి పుస్తకం ముప్పయ్యో పేజీ. అన్నీ ఆడవే అని వీరే రాశారు. నా సొంత మాట ఒక్కటి ఉంటే చూపించండి. నేను లేబుళ్ళు రాసేదాన్ని, అంతే.”

ఇద్దరూ తమ తమ పుస్తకాలు శ్రద్ధగా చదువుకుని, తర్వాత ఒకరిది ఒకరు మార్చుకున్నారు. పక్కవాడి పుస్తకం చదవడం ఇద్దరికీ అదే మొదటిసారి.

మీరిప్పుడు ‘పాపం, ఆవిడ ఉద్యోగం పోయిందా?’ అని కంగారు పడుతున్నారు కదా? అందుకే చెప్పాను, వర్గీకరణ గందరగోళం ఒక వరమని! ఆవిడని తీసెయ్యాలని ఆఫీసువాళ్ళు నిజంగానే కూర్చున్నారు. తీసెయ్యాలంటే ఏ పోస్టులోంచి తీసెయ్యాలో కాగితం మీద రాయాలి. పదకొండు పేర్లలో ఏది ఇప్పుడు చెల్లుతుందో ఎవరికీ తెలియలేదు. లిస్టు వెతికారు. లిస్టులో లేని మనిషిని లిస్టులోంచి తీసెయ్యడం ఎలా? ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీ తేల్చేదాకా ఆవిడ యథాప్రకారం వచ్చి లేబుళ్ళు రాసుకోవచ్చు. కమిటీ తేల్చదని వేరే చెప్పాలా? ఆర్డరు మీద సంతకమూ పడలేదు, ఆవిడ బల్లా కదల్లేదు.

ప్రొఫెసర్లిద్దరూ కలిసి ఒక వ్యాసం అచ్చువేయించారు. ఆరో గది పురుగుకి ఆడది దొరికింది, తొమ్మిదో గది పురుగుకి మగది దొరికింది, ఇది ఈ శతాబ్దపు గొప్ప ఆవిష్కరణ అని. మీసాలాయన గురువుగారి పేరు నిలిచింది. కాళ్ళాయన మామగారు చిన్నక్షరాల్లోకి దిగారు. ఆ బాధ పోగొట్టడానికి కాళ్ళాయనకి ఇంకో పతకం ఇచ్చారు. మట్టి పురుగుని చంపే జాబితాలోంచి తీసేశారు. వ్యాసం ఆఖరి పేజీలో, పేజీ నంబరుకి కాస్త పైన, ‘ఈ కృషిలో ఒక తాత్కాలిక ఉద్యోగి కూడా తోడ్పడ్డారు’ అని ఉంది. ఏ ఉద్యోగి అని మాత్రం అడక్కండి, వాళ్ళకే తెలియదు.

చూశారా, అంతా శుభం! అందుకే నా వాదన ఏమిటంటే...

ఇక్కడిదాకా రాసి, నా కాలమ్ వేసే పేపరు ఎడిటర్‌గారికి ఫోన్లో వినిపించాను. ఆయన బాగా నవ్వారు. తర్వాత, “అన్నట్టు ఆ లేబులమ్మ అసలు పేరేమిటండీ? మనమైనా ఒకచోట వేద్దాం,” అన్నారు.

“దానికేముంది, వేద్దాం,” అన్నాను.

కలం పట్టుకుని కూర్చున్నాను. వదిన. లేబులమ్మ. అన్నయ్య పిలిచే ‘ఇదిగో’. మా అమ్మ పిలిచే ‘కోడలా’. పెళ్ళి కార్డు మీద అచ్చు వేసే ఉంటారు, నేను చదివే ఉంటాను. మొదటి అక్షరం నాలిక చివరిదాకా వచ్చింది. మిగతావి రాలేదు. ఇరవై రెండేళ్ళు ఆవిడ చేతి వంట తిన్నవాణ్ణి, నాకు రాలేదు! అన్నయ్యని అడుగుదామంటే సిగ్గేసింది.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. కిటికీలో జామ్ సీసా ఉంది. పురుగులన్నిటినీ తోటలో వదిలేసి వచ్చింది, సీసా మాత్రం ఉంచుకుంది. మ్యూజియం తీసుకోని నమూనా కదా, ఇంట్లోనే ఉంది. దాని మీద లేబులు అలాగే అతికి ఉంది. ఊరు, తేదీ. మూడో వరస ఇప్పుడు ఖాళీగా లేదు. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా, ఆవిడ పేరు ఉంది. నలభై వేల ఒకటో లేబులు మీద మొదటిసారి! వంగి, రెండుసార్లు చదువుకున్నాను. చాలా మంచి పేరు.

“ఏం వెతుకుతున్నారు?” అంది వదిన వెనక నుంచి.

దొంగలా దొరికిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పేరు పేపర్లో వేస్తామంటున్నారని, వేస్తే ఎంత పేరొస్తుందోనని.

ఆవిడ సీసా నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్ళీ కిటికీలో పెట్టింది.

“వద్దు మరిదిగారూ,” అంది. “ముందు అచ్చు వేయించినవాళ్ళదే కదా పేరు. ఇన్నేళ్ళకి నా పేరు నేను పట్టుకున్నాను. మీరు అచ్చు వేయించారంటే అదీ మీరే కనిపెట్టినట్టవుతుంది.”

అందుకే ఇందులో ఆవిడ పేరు వేయలేదు. నా పేరు మాత్రం ఎప్పటిలాగే పైన, నా ఫొటో పక్కన, పెద్దక్షరాల్లో ఉంటుంది.